ఊపిరి తేమ, కర్ర నాళం: 18వ శతాబ్దపు ఐరోపా వేణువుల సాక్ష్యవిలువ

18వ శతాబ్దపు ఐరోపా సంగీతాన్ని నాటి శ్రుతిలోనే వినిపించదలచిన పరిశోధకులకు మ్యూజియంలలో మిగిలిన కర్ర వేణువులు ప్రధానాధారాలు. వాటి అంతర్నాళపు కొలతలను బట్టి నాటి శ్రుతిస్థాయిని అంచనా వేస్తున్నారు. ఆ కొలతలతోనే ప్రతికృతులూ తయారవుతున్నాయి. అయితే ఇప్పుడు కొలుస్తున్న నాళం తయారైననాటి నాళమేనా? ఈ ప్రశ్నకు సమాధానం వాదకుడు ఊదడం ముగించిన తరువాత వాద్యాన్ని ఎలా తుడిచి ఆరబెట్టాడన్న చిన్న విషయంతో ముడిపడి ఉంది.

ప్రష్యా రాజు రెండవ ఫ్రెడరిక్‌కు వేణుగురువైన యోహాన్ యోఆహిమ్ క్వాంట్స్ (1697–1773) 1752లో బెర్లిన్‌లో ప్రకటించిన వేణువాదన గ్రంథంలో ఈ విషయాన్ని విస్మరించలేదు. పుల్లకు చుట్టిన గుడ్డతో లోపలి తడిని తీసివేయాలనీ, అప్పుడప్పుడు బాదం నూనె పట్టించాలనీ ఆయన సూచించాడు. సంగీతచరిత్రకారులు ఆ గ్రంథంలోని గమకాలు, లయ, అభిరుచి గురించిన అధ్యాయాలపై చూపిన శ్రద్ధ ఈ సూచనపై చూపలేదు. వంటింటి చిట్కా వంటిదని దీన్ని దాటవేయడం పొరపాటు.

కారణం భౌతికమైనది. నోటి నుండి వచ్చే గాలి దాదాపు 34 డిగ్రీల వేడితో, నీటి ఆవిరితో నిండి ఉంటుంది. ఆ స్థితిలో ఘనమీటరు గాలిలో సుమారు 37 గ్రాముల నీరు ఉంటే, 20 డిగ్రీల వద్ద గాలి 17 గ్రాములకు మించి మోయలేదు. మిగిలినది చల్లని నాళపు గోడపై చెమ్మగా దిగుతుంది. లోపలి పొర నీటిని పీల్చి ఉబ్బుతుంది, బయటి పొర పొడిగానే ఉంటుంది. ఆ ఒత్తిడికి కర్ర పగులుతుంది. నూనె తేమ చొరబడే వేగాన్ని తగ్గిస్తుందే తప్ప చేరిన నీటిని తొలగించదు. అందుకే క్వాంట్స్ చెప్పిన రెండు పనుల్లో ఒకటి మరొకదానికి బదులు కాజాలదు.

పగులు కంటికి కనబడుతుంది. అంతకంటె చిక్కైనది కనబడని మార్పు. కర్ర ఎండినప్పుడు వార్షిక వలయాల వెంబడి కుంచించుకుపోయేది, వాటికి అడ్డంగా కుంచించుకుపోయేదానికి సుమారు రెట్టింపు. గుండ్రంగా తొలిచిన రంధ్రం ఏళ్ల తరబడి తడుస్తూ ఆరుతూ క్రమంగా అండాకారం దాలుస్తుంది. నాటి వేణువులకు ఎక్కువగా వాడిన బాక్స్‌వుడ్ ఈ విషయంలో మరీ చంచలమైనది. నాళపు వ్యాసంలో కొద్దిపాటి తేడా వచ్చినా మంద్ర, తార స్థాయిల మధ్య శ్రుతిసంబంధం చెదురుతుంది. కొలతలను యథాతథంగా అనుసరించిన ప్రతికృతిలో తయారీదారుని ఉద్దేశంతో పాటు, తరువాతి యజమానుల అశ్రద్ధ కూడా చేరిపోతుంది. పాత వాద్యాలను ఊదనివ్వడానికి మ్యూజియంలు వెనకాడడానికీ ఈ తేమే ముఖ్య కారణం.

19వ శతాబ్దంలో పదార్థాలు మారాయి. బాక్స్‌వుడ్ స్థానంలో సాంద్రత ఎక్కువైన ఆఫ్రికా నల్లచేవ వచ్చింది. థియోబాల్డ్ బోహ్మ్ 1847లో స్తూపాకార లోహవేణువును రూపొందించాడు. ఉష్ణమండల వలసదేశాలకు ఎబొనైట్ వాద్యాలు అనువైనవని బ్రిటిష్ తయారీదారులు ప్రచారం చేశారు. లోహం నీటిని పీల్చదు కాని, కవాటాల కింది పలుచని పొర మెత్తలు పీలుస్తాయి. కాబట్టి తుడిచే పని అలాగే మిగిలింది.

జంటపీకల వాద్యాల సంగతి కొంత వేరు. పీక తడిగా ఉండాలి, నాళం పొడిగా ఉండాలి. ఇరుకైన నాళం గల ఓబోను వాదకులు పక్షి ఈకతో తుడిచేవారు. మన నాదస్వరానికి దారంతో వేలాడే అదనపు పీకలు, దంతపు సూది ఈ అవసరం నుండే వచ్చాయి. సూది పీకలో చేరిన ఉమ్మిని, మురికిని తొలగించి గాలికి దారి ఇస్తుంది. తెలుగు నేలపై సన్నాయి కుటుంబాలలో మిగిలిన పాత వాద్యాలను కొలిచేవారు కొలతలతో పాటు ఆ వాద్యాన్ని ఎవరు, దేనితో, ఎంత తరచుగా తుడిచేవారో అడిగి నమోదు చేయవలసి ఉంటుంది.