దసలి శలభం: పట్టు తెలుసు, పురుగు తెలియదు

దసలి పట్టును ఇచ్చే శలభం శాస్త్రీయ నామం ఆంథెరియా మైలిట్టా. దీనిని 1773లో బ్రిటిష్ కీటక శాస్త్రవేత్త డ్రూ డ్రూరీ వర్ణించారు. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశా, మహారాష్ట్ర, తెలంగాణ అడవులు దీని ప్రధాన ఆవాసాలు. మల్బరీ పట్టు శలభం వేల ఏళ్ల పెంపకంలో ఎగిరే శక్తిని కోల్పోయింది. దసలి శలభం మాత్రం నేటికీ అడవి జీవే.

జీవన చక్రం

తెల్లమద్ది, నల్లమద్ది, సాల వృక్షాల ఆకులు గొంగళిపురుగుకు ప్రధానాహారం. ఆకుపచ్చని ఈ పురుగు నాలుగుసార్లు కుబుసం విడిచి, కొమ్మకు కాడతో వేలాడే గట్టి గూడును అల్లుకుంటుంది. వర్షాకాలం ముగిశాక అల్లిన గూళ్లలోని ప్యూపా మరుసటి వానల వరకు నిద్రావస్థలో ఉంటుంది. అనంతరం గూటి గోడను మెత్తబరిచే ఎంజైమ్‌ను స్రవించి శలభం బయటపడుతుంది. నాలుగు రెక్కలపైనా అద్దపు బిళ్లల వంటి కంటిచుక్కలు ఉంటాయి. ఆహారం తీసుకోగల నోరు లేనందున, కొద్ది రోజుల్లోనే జతకట్టి, గుడ్లు పెట్టి మరణిస్తుంది.

దారమా, విత్తనమా?

శలభం బయటకు వచ్చిన గూటి నుంచి తెగని పోగు తీయడం సాధ్యం కాదు. దానిని వడకడానికే వాడతారు. అందుకే దారం కోసం ఉంచిన గూళ్లలో ప్యూపాను ముందే వేడితో చంపుతారు. కొన్ని గూళ్లను మాత్రం విత్తనంగా వేరుచేస్తారు. తల్లి నుంచి గుడ్లకు సంక్రమించే పెబ్రిన్ వ్యాధి లేదని నిర్ధారించేందుకు, గుడ్లు పెట్టిన శలభాన్ని సూక్ష్మదర్శినితో పరీక్షిస్తారు.

తెలుగు నేలపై

ప్రాంతాన్ని బట్టి ఈ జాతిలో డాబా, రైలీ, సుకిందా, భండారా వంటి స్థానిక రకాలు ఏర్పడ్డాయి. పూర్వపు ఆదిలాబాద్, కరీంనగర్, వరంగల్ జిల్లాల అడవులకు చెందిన రకాన్ని ‘ఆంధ్ర లోకల్’గా వ్యవహరిస్తారు. చెన్నూరు, మహాదేవపూర్ ప్రాంతాల్లో దసలి సాగు గిరిజన, గ్రామీణ కుటుంబాలకు ఆదాయ మార్గం. ఆరుబయట మద్దిచెట్లపై పెరిగే పురుగులను పక్షులు, చీమలు, కందిరీగల నుంచి కాపాడేందుకు రైతులు చెట్ల వద్దే కాపలా ఉంటారు.

మద్దిచెట్లు తరిగినా, అడవిలోని గూళ్లన్నింటినీ విత్తనానికి మిగల్చకుండా సేకరించినా స్థానిక రకం క్షీణిస్తుంది. బయటి రకాల విత్తనంతో సాగు కొనసాగవచ్చు. కానీ ఆ అడవి వాతావరణానికి తరతరాలుగా అలవాటుపడిన రకాన్ని తిరిగి తేలేరు.