పుర్జాల షజరా

మా అబ్బా మోటార్ సైకిళ్ల మెకానిక్. దుకాన్‌లో ఆయనకొక నోట్‌బుక్ ఉండేది, దాని నిండా ఉర్దూలో పుర్జాల పేర్లు. ముందు చక్రానికి ఒక పేజీ, వెనక చక్రానికి ఒక పేజీ, గేర్‌బాక్స్‌కి ఇంకోటి. ప్రతి పేజీలో ఆ భాగంలో ఏమేం పడతాయి, ఎన్ని పడతాయి, ఒక్కోదాని ధర ఎంత అని రాసి ఉండేది. ఒకే సైజు బేరింగ్ నాలుగు పేజీల్లో కనిపించేది. ఒకసారి దాని ధర పెరిగింది. అబ్బా మూడు పేజీల్లో పాతది కొట్టేసి కొత్త ధర రాశారు. నాలుగో పేజీ మరిచిపోయారు. ఆ పేజీ చూసి గిరాకీలకు చెప్పిన లెక్కల వల్ల కొన్ని నెలలు జేబులోంచే పోయింది. "జబాన్ ఇచ్చేశాను బేటా, ఇప్పుడు ఎక్కువ ఎట్లా అడుగుతాను" అన్నారు.

ఆ నోట్‌బుక్ మళ్లీ ఎందుకు గుర్తొచ్చిందంటే, మా ఆపా కొడుకు ఒక ఫ్యాక్టరీకి సాఫ్ట్‌వేర్ రాస్తున్నాడు. మొన్న ఇంటికొచ్చి, "మామూ, ఒక పుర్జాలో ఇంకో పుర్జా, దాంట్లో ఇంకోటి, దాంట్లో మళ్లీ ఇంకోటి. ఎన్ని అంతస్తులుంటాయో ముందు తెలీదు. దీన్ని డేటాబేస్‌లో ఎట్లా పెట్టాలో అర్థం కావట్లేదు" అన్నాడు. నేను ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, అఖ్బార్ల కొలువులో పడ్డవాణ్ని. కోడ్ రాయడం నాకు రాదు. కానీ ఈ సవాల్‌కి ఒక తారీఖ్ ఉంది. అది చంద్రుడి దాకా వెళ్లిన తారీఖ్.

1961లో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ, ఈ దశాబ్దం ముగిసేలోపు మనిషిని చంద్రుడి మీద దింపుతామని ప్రకటించాడు. అందుకోసం కట్టిన సాటర్న్ 5 రాకెట్‌లో 30 లక్షల పుర్జాలు. వ్యోమగాములు కూర్చునే అపోలో నౌకను కట్టే కాంట్రాక్టు నార్త్ అమెరికన్ ఏవియేషన్ కంపెనీది. ఏ పుర్జా దేంట్లో పడుతుందో మనుషులు కాగితాల మీద రాసుకుని నెగ్గే పని కాదు. ఉర్దూలో పుర్జా అంటే యంత్రంలోని భాగమే కాదు, కాగితం ముక్క కూడా. ఆ రోజుల్లో రెండు అర్థాలూ ఒకటే అయిపోయాయి. ప్రతి పుర్జాకీ ఒక పుర్జా, అంటే కంప్యూటర్ చదివే చిల్లుల కార్డు.

1966లో ఐ.బి.ఎం. ఇంజనీర్లు, నార్త్ అమెరికన్ వాళ్లు, ట్రాక్టర్లు తయారు చేసే కేటర్‌పిల్లర్ వాళ్లు కలిసి ఒక కొత్త వ్యవస్థ మొదలుపెట్టారు. 1968 ఆగస్టు 14న కాలిఫోర్నియాలోని డౌనీలో టెర్మినల్ మీద 'రెడీ' అనే మాట పడింది. తర్వాత దానికి ఐ.ఎం.ఎస్. అని పేరొచ్చింది. బ్యాంకుల్లో అది ఈనాటికీ నడుస్తోంది.

దాని లోపలి తర్తీబ్ మన ఇళ్లలో ఉండే షజరా లాంటిది. పైన తాత, కింద కొడుకులు, వాళ్ల కింద మనవలు. పైన నౌక, దాని కింద ఇంజన్, ఇంజన్ కింద పంపు, పంపు కింద బోల్టు. పై నుంచి కిందికి దిగుతూ అడిగితే జవాబు టక్కున వస్తుంది. కానీ షజరాలో ఒక బిడ్డకి ఒకడే తండ్రి. పుర్జాలకి ఆ నియమం లేదు. అదే బోల్టు పంపులో ఉంటుంది, ట్యాంకులో ఉంటుంది, తలుపులోనూ ఉంటుంది. ప్రతి తండ్రి కిందా దాన్ని మళ్లీ రాస్తే అబ్బా నోట్‌బుకే. ఒకచోట మార్చి ఇంకోచోట మరిచిపోతాం. అందుకే ఐ.ఎం.ఎస్.లో తర్వాత అడ్డ బంధాలు కూడా చేర్చాల్సి వచ్చింది.

అంతకు ముందే జనరల్ ఎలక్ట్రిక్‌లో చార్లెస్ బాక్‌మన్ ఇంకో దారి వేశాడు. షజరాకి బదులు వల. ప్రతి పుర్జా ఒక్కసారే రాయాలి. రెండు పుర్జాల మధ్య బంధాన్ని వేరే చిట్టీగా రాసి, 'ఇందులో ఏమున్నాయి', 'ఇది ఎక్కడెక్కడ ఉంది' అనే రెండు గొలుసుల్లోనూ ఆ చిట్టీని తగిలించాలి. బోల్టుకి ఎంతమంది తండ్రులున్నా ఫికర్ లేదు. కానీ ప్రోగ్రాం రాసేవాడికి ఆ వలలో గల్లీ గల్లీ తెలిసి ఉండాలి.

1970 జూన్‌లో ఐ.బి.ఎం. శాన్ హోసే ప్రయోగశాల నుంచి ఎడ్గర్ కాడ్ ఒక వ్యాసం అచ్చు వేయించాడు. ఇవాళ్టి డేటాబేస్‌లలో చాలావాటికి అదే బునియాద్. అందులో 'కాంపొనెంట్' అనే చిన్న పట్టిక ఉంది. మూడే గళ్లు: లోపలి పుర్జా, పై పుర్జా, ఎన్ని. అంతే. షజరా లేదు, గొలుసు లేదు, తిరగాల్సిన గల్లీ లేదు. రెండు గళ్లలోనూ పుర్జా నంబర్లే కాబట్టి, ఒక వరుసలో తండ్రిగా ఉన్నది ఇంకో వరుసలో బిడ్డ కావచ్చు. 'ఎన్ని' అనే అంకె పుర్జాది కాదు, బంధానిది. బండికి 2 చక్రాలు, చక్రానికి 4 నట్లు అయితే బండికి 8 నట్లు. నట్టు ధర మాత్రం నట్టు దగ్గరే, ఒక్కచోటే ఉంటుంది.

అదే జూన్‌లో అమెరికాలో ఇంకో నివేదిక బయటికొచ్చింది. అపోలో 13 ప్రమాదం మీద విచారణ బోర్డు రాసింది. ఆ ఏప్రిల్ 13న, చంద్రుడి దారిలో, ఆక్సిజన్ ట్యాంకు పేలింది. ముగ్గురు మనుషులు చావు అంచు దాకా వెళ్లి తిరిగొచ్చారు. బోర్డు కారణం వెతుక్కుంటూ లోపలికి దిగింది. నౌకలో సర్వీస్ మాడ్యూల్, దాంట్లో ఆక్సిజన్ షెల్ఫ్, షెల్ఫ్ మీద ట్యాంకు, ట్యాంకులో హీటర్, హీటర్‌కి థర్మోస్టాట్ స్విచ్. స్విచ్ 28 వోల్టులకు చేసింది. 1965లో నేల మీద 65 వోల్టులు ఇవ్వాలని పై స్థాయిలో స్పెసిఫికేషన్ మార్చారు. కాగితం మారింది, స్విచ్ మారలేదు. ట్యాంకు తయారు చేసినవాళ్లు, నౌక కట్టినవాళ్లు, నాసా, ఎవరూ పట్టుకోలేదు. పైగా ఆ షెల్ఫ్ మొదట అపోలో 10లో ఉండేది, తీసి 13లో పెట్టారు. ప్రయోగానికి ముందు మార్చిలో ట్యాంకు ఖాళీ చేయడానికి హీటర్లు గంటల తరబడి వేసి ఉంచితే, స్విచ్ అతుక్కుపోయి, లోపలి తీగల తొడుగు కాలిపోయింది.

నౌక కట్టింది ఆ డౌనీ కంపెనీయే. డేటాబేస్ వల్ల ప్రమాదం జరిగిందని నేను అనడం లేదు, అలా అంటే గలత్. పై అంతస్తులో జరిగిన మార్పు అన్నిటికన్నా కింది పుర్జా దాకా చేరిందా అని అడిగినవాడు లేడు. కానీ అదే సవాల్‌ని కంప్యూటర్‌ని అడగడం కూడా అంత తేలిక కాదు. కాడ్ పట్టికలో ఒక అంతస్తు అడగొచ్చు, రెండు అడగొచ్చు. 'ఎన్ని అంతస్తులుంటే అన్నీ' అని అడగడం ఆ మొదటి భాష వల్ల కాలేదు. దాని బీజగణితంతో అది సాధ్యమే కాదని 1979లో అల్ఫ్రెడ్ అహో, జెఫ్రీ ఉల్‌మన్ నిరూపించారు. పట్టికను మళ్లీ మళ్లీ దానితోనే కలుపుకుంటూ కిందికి దిగే దారి ఎస్‌క్యూఎల్ ప్రమాణంలోకి 1999లో వచ్చింది. 'కాంపొనెంట్' పట్టిక అచ్చయిన 29 ఏళ్లకు.

కాబట్టి మా భాంజాకి చెప్పింది ఇదే. పుర్జాలకి ఒక పట్టిక, బంధాలకి ఒక పట్టిక. ఒక సంగతి ఒక్కచోటే రాయి. ఏ పుర్జా తన కడుపులో తానే దూరకుండా కాపలా పెట్టు, లేకపోతే లెక్క ఎప్పటికీ ఆగదు. మార్పులకి తారీఖ్ రాయి, ఏ రోజు నుంచి ఏ పుర్జా అని. అన్నిటికన్నా ముఖ్యం, ఏదైనా మార్చినప్పుడు కిందికీ అడుగు, పైకీ అడుగు.

వాడు అంతా విని, "నానా నోట్‌బుక్ ఉందా మామూ?" అన్నాడు. ట్రంకు పెట్టెలోంచి తీసి ఇచ్చాను. వాడికి ఉర్దూ చదవడం రాదు. అందుకే నేనే పేజీలు తిప్పి చూపించాను. మూడు పేజీల్లో కొట్టివేతలు. నాలుగో పేజీలో బేరింగ్ పాత ధర అలాగే ఉంది. అబ్బా దాన్ని ఆ తర్వాత కూడా దిద్దలేదు.