ఆ సంతకాల్లో మనవాళ్ళు

రాజ్యాంగం చేతిరాత ప్రతి నకలు ఒకసారి చేతికందితే, ముందు చివరి పేజీలే తిప్పాను. 1950 జనవరి 24న సభ్యులు పెట్టిన సంతకాలవి. మాది నల్గొండ. మావైపు వాళ్ళెవరైనా ఉన్నారేమోనని వెతికాను. ఒక్కరూ లేరు.

మద్రాసు రాష్ట్రం నుంచి దుర్గాబాయి లాంటి తెలుగువాళ్ళు ఆ సభలో కూర్చుని వాదించారు. హైదరాబాద్ సంస్థానం నుంచి మాత్రం ప్రతినిధులే వెళ్ళలేదు. 1948 సెప్టెంబర్ దాకా నిజాం కలవనన్నాడు, ఆ తర్వాత సైనిక పాలన. ఇక జనాన్ని అడిగిందెవరు? 1949 నవంబర్ 23న నిజాం ఒక ఫర్మానా ఇచ్చి, రాబోయే రాజ్యాంగమే సంస్థానానికీ రాజ్యాంగమన్నాడు. మూడు రోజులకి ఢిల్లీలో సభ దాన్ని ఆమోదించింది. అంటే, పీఠికలోని ‘మేము’లోకి మా తాతలు ప్రభువు ఫర్మానాతో చేరారన్నమాట!

కానీ అదే రాజ్యాంగం వయోజనులందరికీ ఓటిచ్చింది. కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండగా, నిజాం మీద సాయుధ పోరాటంలో ఉన్న రావి నారాయణరెడ్డి పీడీఎఫ్ తరఫున నిలబడ్డారు. 1952లో నల్గొండ ఆయన్ని నెహ్రూకి వచ్చినవాటికంటే ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకి పంపింది.

రాసేటప్పుడు మావాళ్ళని ఎవరూ పిలవలేదు. ఆ లోటు నాకింకా లోటుగానే అనిపిస్తుంది. అయినా, చేతికందిన మొదటిసారే దాన్ని ఎలా వాడాలో వాళ్ళకి ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది.