విడాకుల్లో పింఛను, మనోవర్తి (ఉత్తర తెలంగాణ)

భార్యాభర్తలు విడిపోయినప్పుడు ఉద్యోగి పింఛనును ఇద్దరికీ పంచే చట్టం భారతదేశంలో లేదు. బ్రిటన్‌లో 2000 నుంచి న్యాయస్థానాలు పింఛను నిధినే చీల్చి ఇవ్వగలుగుతున్నాయి. జర్మనీలో ఆ పద్ధతి 1977 నుంచే ఉంది. అమెరికాలో 1984 చట్టం ప్రకారం, కోర్టు ఉత్తర్వు ఉంటే ప్రైవేటు పింఛను పథకాలు మాజీ భార్య వాటాను నేరుగా ఆమెకే చెల్లించాలి. మన దగ్గర మాత్రం పింఛను ఆస్తి కింద లెక్కకు రాదు, భర్త ఆదాయం కిందే వస్తుంది. ఆ ఆదాయాన్ని చూసి కోర్టు మనోవర్తి నిర్ణయిస్తుంది. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఈ తేడా చాలా ఇళ్లకు తగులుతుంది. గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్, బెల్లంపల్లి బొగ్గుబావుల కార్మికులు, జగిత్యాల, కోరుట్ల బీడీ కార్మికులు, సిరిసిల్ల నేతగాళ్లు, గల్ఫ్ వలస కుటుంబాలు, ప్రభుత్వ ఉద్యోగులు పక్కపక్కనే ఉన్న ప్రాంతమిది. ఒక్కొక్కరి పింఛను ఒక్కో రకం.

మనోవర్తికి దారులు

కులం, మతం, తెగ ఏదైనా భార్య మనోవర్తి కోరగల సెక్షన్ ఒకటుంది. 1973 నాటి నేర విచారణ స్మృతిలో అది 125వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్ అయింది. విడాకులు పొంది మళ్లీ పెళ్లి చేసుకోని స్త్రీ కూడా దీని కింద భార్యే. ఆమె ప్రస్తుతం ఉంటున్న ఊరి పరిధిలోనే కేసు వేయవచ్చు. మంచిర్యాలలో కాపురం చేసి జగిత్యాలలోని తల్లిగారింటికి వచ్చిన మనిషి వాయిదాలకు మంచిర్యాల తిరగనక్కరలేదు. హిందూ వివాహ చట్టం (1955) 24వ సెక్షన్ కింద కేసు నడిచేటప్పుడు మధ్యంతర భరణం, 25వ సెక్షన్ కింద శాశ్వత భరణం కోరవచ్చు. ఈ రెండూ భర్త కూడా కోరగలిగినవే.

సుప్రీంకోర్టు 2020 నవంబర్ 4న ఇచ్చిన తీర్పుతో పింఛను సంగతి దాచడం కష్టమైంది. ఆ తీర్పు ప్రకారం ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు ప్రమాణపత్రంలో రాసివ్వాలి. మనోవర్తి దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే లెక్కకట్టాలి. భర్త రిటైరైతే పింఛను చెల్లింపు ఉత్తర్వు (పీపీవో) నకలు, పింఛను జమయ్యే ఖాతా స్టేట్‌మెంట్ తెప్పించమని భార్య తరఫు వకీలు మొదటి వాయిదాల్లోనే అడగాలి. బ్యాంకులో పడే సొమ్ము ఒక్కటే చూస్తే మోసపోతాం. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి తన పింఛనులో 40 శాతం వరకు కమ్యుటేషన్ కింద ముందే ఏకమొత్తంగా తీసుకోవచ్చు. ఆ మేరకు పదిహేనేళ్లపాటు నెలనెలా కోత పడుతుంది. కోత పోగా మిగిలినదే భర్త ఆదాయమని చూపడం న్యాయం కాదు, ఎందుకంటే ఏకమొత్తం అప్పటికే ఆయన చేతికి వచ్చింది.

పింఛను జప్తు

పింఛన్ల చట్టం (1871) 11వ సెక్షన్ ప్రకారం అప్పులవాళ్లు ప్రభుత్వ పింఛనును జప్తు చేయించలేరు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ కూడా పింఛనుకు, భవిష్యనిధికి రక్షణ ఇస్తుంది. దీన్ని చూపి మనోవర్తి ఎగ్గొట్టే ప్రయత్నాలు జరుగుతుంటాయి. భార్య అప్పులిచ్చిన మనిషి కాదు కాబట్టి ఆ రక్షణ ఆమెకు అడ్డు రాదని బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం 2019లో చెప్పింది. సరైన మాట అదే. ముసలితనంలో కుటుంబం గడవడానికి పుట్టిన రక్షణను ఆ కుటుంబంలోని మనిషి మీదే ప్రయోగించడం చట్టం ఉద్దేశానికే విరుద్ధం.

భర్త ఇంకా ఉద్యోగంలో ఉంటే పని తేలిక. మనోవర్తి డిక్రీ అమలులో జీతంలో మూడో వంతుకే మినహాయింపు ఉంటుంది, మిగతాది జప్తు చేయవచ్చు. అందుకే కోర్టు ఉత్తర్వు రిటైర్మెంటుకు ముందే జీతం చెల్లించే కార్యాలయానికి చేరేలా చూసుకోవడం మంచిది. 144వ సెక్షన్ కింద బకాయిలకు వారంట్ అడగాలంటే, అవి చెల్లించాల్సిన నాటి నుంచి ఏడాది లోపే దరఖాస్తు పెట్టాలి. కట్టనివాడికి జైలు పడవచ్చు. జైలుకు వెళ్లొచ్చినా బాకీ తీరినట్టు కాదని 1988లోనే సుప్రీంకోర్టు తేల్చింది.

సింగరేణి బొగ్గుబావుల కార్మికులకు భవిష్యనిధి 1948 చట్టం కిందా, పింఛను 1998 నాటి బొగ్గు గనుల పింఛను పథకం కిందా నడుస్తాయి. గోదావరిఖనిలో బొగ్గు గనుల భవిష్యనిధి సంస్థ (సీఎంపీఎఫ్) ప్రాంతీయ కార్యాలయం ఉంది. ప్రభుత్వ పింఛనుకు కరువు భత్యం తోడవుతుంది. బొగ్గుబావి పింఛనుకు ఆ పెరుగుదల లేదు, ఖరారైన అంకె అలాగే ఉండిపోతుంది. కాబట్టి గని కార్మికుడి భార్య నెలవారీ పింఛనుపై ఆశ పెట్టుకోవడం కన్నా, దిగిపోయేటప్పుడు వచ్చే భవిష్యనిధి, గ్రాట్యుటీలను చూపి ఏకమొత్తం భరణం కోరడమే మేలు.

కుటుంబ పింఛను, ఇడుపు కాయితాలు

అసలు నష్టం చాలామంది గమనించని చోట జరుగుతుంది. కోర్టు విడాకులు మంజూరు చేసిన నాటితో భార్యకు కుటుంబ పింఛను హక్కు పోతుంది. భర్త చనిపోతే ఆయన పింఛనులోంచి వస్తున్న మనోవర్తీ ఆగుతుంది. ఇరవై, ముప్పై ఏళ్లు కాపురం చేసిన స్త్రీకి అరవై దాటాక రెండూ ఉండవు. పరస్పర అంగీకార విడాకులకు సంతకం పెట్టేటప్పుడు ఈ లెక్క వేసేవాళ్లు తక్కువ. భరణానికి హామీగా భర్త స్థిరాస్తిపై భారం పెట్టే అధికారం 25వ సెక్షన్ కోర్టుకు ఇచ్చింది. దాన్ని అడిగి రాయించుకోవాలి. డిక్రీ తర్వాత కూడా ఎప్పుడైనా ఆ సెక్షన్ కింద దరఖాస్తు పెట్టవచ్చు. పరిస్థితులు మారితే మొత్తాన్ని మార్చమనీ కోరవచ్చు. విడాకులకు బదులు న్యాయ విభజన (వేరుగా ఉండేందుకు కోర్టు డిక్రీ) మాత్రమే తీసుకుంటే వివాహ బంధం తెగదు.

పల్లెల్లో విడిపోవడం ఇప్పటికీ ఎక్కువగా పెద్దమనుషుల ముందే జరుగుతుంది. స్టాంపు కాగితంపై ఇడుపు కాయితం (విడాకుల ఒప్పందం) రాసి, ఇరువైపులా సంతకాలు పెట్టి, ఇచ్చిపుచ్చుకున్నవి తిరిగి అప్పగిస్తారు. హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ ఆచార విడాకులను గుర్తిస్తుంది కానీ, ఆ ఆచారం తమ కులంలో నిజంగా ఉందని కోర్టులో రుజువు చేయాలి. రుజువు కాకపోతే ఇడుపు కాయితం చెల్లదు, భర్త మళ్లీ పెళ్లాడినా మొదటి భార్యే చట్టబద్ధ భార్య. ఉద్యోగి చనిపోయాక కుటుంబ పింఛను కోసం ఇద్దరు స్త్రీలు ఒకే కార్యాలయం మెట్లెక్కే తగాదాలకు మూలం ఇదే. మొదటి పెళ్లిని కాగితంపైనే తెంచుకుని మళ్లీ పెళ్లాడిన స్త్రీ గురించి తెలంగాణ నుంచి వెళ్లిన కేసులో 2025 జనవరి 30న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ సంగతి తెలిసే ఆమెను చేసుకున్న రెండో భర్త, కోర్టు విడాకులు లేవన్న సాకుతో మనోవర్తి ఎగ్గొట్టలేడని చెప్పింది. మనోవర్తి దక్కినంత మాత్రాన కుటుంబ పింఛను దక్కదన్నది మరువరాదు.

ఆదిలాబాద్, ఆసిఫాబాద్ అడవుల్లోని గోండులు, కొలాములు, నాయకపోడులకు హిందూ వివాహ చట్టమే వర్తించదు. షెడ్యూల్డ్ తెగలను 2వ సెక్షన్ మినహాయించింది. గోండుగూడేల్లో పెళ్లి తగాదాలు గూడెం పెద్ద అయిన పట్ల, పంచుల ముందుకు, అక్కడ తేలకపోతే సార్‌మేడి పెద్దరికంలోని రాయిసెంటర్ (తెగ పంచాయతీ) ముందుకు వెళ్తాయి. అక్కడి తీర్మానం 144వ సెక్షన్ హక్కును తీసేయదు.

ముస్లిం స్త్రీల విషయంలోనూ తెలంగాణ కేసే దారి చూపింది. విడాకులు పొందిన ముస్లిం స్త్రీకి, ఆమె కోసమే తెచ్చిన 1986 చట్టంతో పాటు 125వ సెక్షన్ కూడా అందుబాటులో ఉంటుందని 2024 జూలై 10న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కుటుంబ న్యాయస్థానం నెలకు 20 వేలు ఇమ్మంటే హైకోర్టు 10 వేలు చేసిన కేసు అది.

గల్ఫ్, ఆసరా

దుబాయి, సౌదీల్లో వలస కార్మికుడికి పింఛను లేదు. ఉద్యోగం ముగిసేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీయే ఉంటుంది. యూఏఈలో మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూలవేతనం, ఆపైన 30 రోజులది చొప్పున కడతారు. ఆ డబ్బు చేతికందేలోగా ఇక్కడి ఇల్లు, భూమి వివరాలు కోర్టు ముందు పెట్టకపోతే మనోవర్తి రాబట్టడం కష్టం.

రాష్ట్ర ప్రభుత్వం ఆసరా పేరుతో మొదలుపెట్టిన పథకం కింద బీడీ కార్మికులకు, 2017 నుంచి ఒంటరి మహిళలకు పింఛను ఇస్తోంది. 2019లో దాన్ని 2,016 రూపాయలకు పెంచారు. ఒకరికి ఒక్క పింఛనే. భర్త బాధ్యతకు ఇది బదులు కాదు.

న్యాయ సేవల చట్టం (1987) 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును పెడతారు. దరఖాస్తు జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో ఇవ్వవచ్చు, లేదా 15100కు ఫోన్ చేయవచ్చు.