స్థాపకుడే వెలి అయిన వైనం: హెజ్‌బొల్లా తొలి సారథి షేక్ సుబ్హీ తుఫైలీ

ప్రవేశిక

లెబనాన్‌లోని షియా సాయుధ సంస్థ హెజ్‌బొల్లా అనగానే మన పత్రికా పాఠకులకు గుర్తొచ్చేది హసన్ నస్రల్లా. 1992 నుంచి 2024 సెప్టెంబరు 27న ఇజ్రాయెల్ దాడిలో మరణించే వరకు ఆయనే ఆ సంస్థ ప్రధాన కార్యదర్శి. ఆయనకు ముందు ఆ పదవిలో ఇద్దరున్నారు. సయ్యద్ అబ్బాస్ మూసవీ 1992 ఫిబ్రవరి 16న భార్యతో, పసివాడైన కొడుకుతో సహా ఇజ్రాయెల్ హెలికాప్టర్ల దాడికి బలయ్యారు. ఆయనకంటే ముందు, 1989 నుంచి 1991 వరకు, సంస్థను నడిపిన షేక్ సుబ్హీ తుఫైలీని మాత్రం 1998లో సొంత సంస్థే బయటికి గెంటింది.

షియా మతగురువు మాటకు సంప్రదాయంగా విలువ తెచ్చేవి ఆయన చదువు, ఆయన్ను నమ్మిన ఊరు. సాయుధ సంస్థలో చేరినవారికి ఆ సంస్థ హోదా కూడా తోడవుతుంది. ఈ మూడో ఆధారం తక్కిన రెంటినీ తనలో కలిపేసుకున్నప్పుడు గురువు స్వతంత్రత ఏమవుతుందో తుఫైలీ జీవితం స్పష్టంగా చూపిస్తుంది. ఈ వ్యాసం చేసే ప్రతిపాదన ఇదే.

బ్రిటాల్ నుంచి నజఫ్‌కు

తుఫైలీ 1948లో లెబనాన్‌లోని బెకా లోయలో, బాల్‌బెక్‌కు దగ్గరున్న బ్రిటాల్‌లో పుట్టారు. అక్కడ వంశాల కట్టుబాటు బలం, ప్రభుత్వం జాడ పలచన. రోడ్లు, బడులు, ఆసుపత్రులు బీరూట్ దాటి రావడం లేదన్న బాధ బెకా షియాలకు తరాలనాటిది. 1974లో ఇమామ్ మూసా సద్ర్ ‘అణగారినవారి ఉద్యమం’ పేరిట ఆ బాధకే గొంతునిచ్చారు.

అప్పట్లో మతవిద్యకు లెబనాన్ యువకులు ఇరాక్‌లోని నజఫ్‌కు వెళ్లేవారు. తుఫైలీ అక్కడ చదువుకున్న కాలానికి ఆ పట్టణంలో రెండు ఆలోచనలు వేడిగా ఉన్నాయి. ఆయతుల్లా ముహమ్మద్ బాకిర్ సద్ర్ ఇస్లామిక్ ఆర్థిక, రాజకీయ సిద్ధాంతాలకు రూపమిస్తున్నారు. ప్రవాసంలో ఉన్న ఇరాన్ మతగురువు ఖొమేనీ 1970లో అక్కడే ‘విలాయతే ఫకీహ్’, అంటే ధర్మశాస్త్రవేత్తే పాలకుడు కావాలన్న సిద్ధాంతం, బోధించారు. 1970లలో ఇరాక్‌ను ఏలిన బాత్ పార్టీ ప్రభుత్వ అణచివేతతో లెబనాన్ విద్యార్థులు ఎందరో తిరిగొచ్చేశారు. 1980 ఏప్రిల్‌లో సద్దాం ప్రభుత్వం బాకిర్ సద్ర్‌ను ఉరితీసింది. గురువును పోగొట్టుకున్న ఆ తరానికి, 1979లో ఇరాన్‌లో గెలిచిన ఖొమేనీ మార్గం ఒక్కటే మిగిలినట్టు కనిపించింది.

సారథ్యం, దాని భారం

1982 జూన్‌లో ఇజ్రాయెల్ లెబనాన్‌పై దండెత్తింది. సిరియా అనుమతితో ఇరాన్ రివల్యూషనరీ గార్డులు బెకాలోకి వచ్చి స్థానిక యువకులకు శిక్షణ మొదలుపెట్టారు. హెజ్‌బొల్లాకు పునాది వేసిన మతగురువుల్లో తుఫైలీ ముఖ్యుడు. తొలి ఏళ్లలో సంస్థ గుట్టుగా, సమష్టి నాయకత్వంలో నడిచింది. 1989లో ప్రధాన కార్యదర్శి పదవి ఏర్పడి, తొలుత ఆయనకే దక్కింది.

ఆ రెండేళ్లూ సంస్థ చరిత్రలో చీకటి కాలమే. షియాల మరో పక్షం అమల్‌తో 1988లో మొదలైన పోరు 1990 వరకు సాగింది. ఒకే ఊరివాళ్లు, కొన్నిచోట్ల ఒకే ఇంటివాళ్లు, చెరో వైపు నిలిచి ఒకరినొకరు చంపుకున్నారు. అపహరణకు గురైన పాశ్చాత్య బందీలు ఇంకా లెబనాన్‌లో మగ్గుతూనే ఉన్నారు. తర్వాతి కాలంలో తుఫైలీ పేదల గొంతుగా ఎంత పేరు తెచ్చుకున్నా, ఆ నెత్తుటిలో ఆయన వాటాను పక్కనబెట్టి జీవితచరిత్ర రాయలేం.

చీలిక

1989 తాయిఫ్ ఒప్పందం లెబనాన్ అంతర్యుద్ధానికి ముగింపు పలికింది. అదే ఏడాది ఖొమేనీ మరణించారు. కొత్త ఇరాన్ నాయకత్వం సర్దుబాటు వైపు మొగ్గింది. 1991 మేలో తుఫైలీ స్థానంలో మూసవీ వచ్చారు. ఆ ఏడాది చివరికి అమెరికన్ బందీలందరూ విడుదలయ్యారు.

అసలు పరీక్ష 1992 పార్లమెంటు ఎన్నికలు. మతాలవారీగా సీట్లు పంచే వ్యవస్థలో పోటీ చేయడం ధర్మమేనా? హెజ్‌బొల్లా నాయకుడు నయీమ్ ఖాసిమ్ తన పుస్తకంలో చెప్పిన ప్రకారం, దీన్ని తేల్చేందుకు సంస్థ వేసిన 12 మంది సభ్యుల సంఘంలో 10 మంది ఔనన్నారు. ఆ పైన, ఖొమేనీ తర్వాత ఇరాన్ సర్వోన్నత నాయకుడైన ఖమేనీ సమ్మతి తీసుకున్నారు. తుఫైలీ ససేమిరా అన్నారు. ఆ ఎన్నికల్లో హెజ్‌బొల్లా 8 సీట్లు గెలిచింది. టెహ్రాన్ నుంచి సమ్మతి వచ్చాక, నజఫ్‌లో చదివిన గురువు సొంత ధర్మనిర్ణయానికి సంస్థలో చోటు లేకుండా పోయింది.

ఖుమ్స్ ఎవరి చేతిలో?

సిద్ధాంతం కన్నా డబ్బు దారి ఈ మార్పును బాగా పట్టిస్తుంది. ఏడాది ఖర్చులు పోగా మిగిలిన ఆదాయంలో ఐదో వంతు ‘ఖుమ్స్’గా చెల్లించడం షియాల విధి. తాము అనుసరించే మహావిద్వాంసుడి ప్రతినిధికి భక్తులు దాన్ని అప్పగిస్తారు. విద్యార్థుల భోజనం, పేదల వైద్యం దాని మీదే సాగుతాయి. ఆ ప్రాతినిధ్యం ఉన్న గురువు ప్రభుత్వం ముందుగానీ పార్టీ ముందుగానీ చేయి చాచనక్కర్లేదు. 1995లో ఖమేనీ లెబనాన్‌లో తన ధార్మిక ప్రతినిధులుగా నస్రల్లానూ, షేక్ ముహమ్మద్ యజ్బెక్‌నూ నియమించారు. యజ్బెక్ బాల్‌బెక్ ప్రాంతంవారే. దాంతో తుఫైలీ సొంతగడ్డ మీదే మతపరమైన ప్రాతినిధ్యం, సంస్థ పదవి ఒకే చేతిలోకి చేరాయి. ఆయనకు మిగిలింది ఊరి అండ.

ఆకలి తిరుగుబాటు

ఆ అండతోనే ఆయన 1997 జులై 4న ‘ఆకలిగొన్నవారి తిరుగుబాటు’ ప్రకటించారు. 1990ల ఆరంభంలో బెకాలో గంజాయి, నల్లమందు సాగును ప్రభుత్వం మాన్పించింది. బదులుగా ఇస్తామన్న అంతర్జాతీయ సాయంలో రైతుకు చేరింది బహు స్వల్పం. పన్నులు కట్టొద్దని తుఫైలీ పిలుపునిచ్చారు. అంతకు ఇరవై ఏళ్లకు పైగా ముందు మూసా సద్ర్ ఎత్తిన ఫిర్యాదే అది. ఈసారి వేలు పార్లమెంటులో కూర్చున్న హెజ్‌బొల్లా వైపు కూడా చూపింది.

1998 జనవరిలో సంస్థ ఆయన్ను బహిష్కరించింది. కొద్ది రోజులకే, జనవరి 30న, ఆయన అనుచరులు బాల్‌బెక్ దగ్గర ఐన్ బూర్దేలోని మత పాఠశాలను ఆక్రమించగా సైన్యం ముట్టడించింది. కాల్పుల్లో హెజ్‌బొల్లా మాజీ ఎంపీ ఖిదర్ త్లైస్‌తో పాటు సైన్యానికి చెందినవారూ చనిపోయారు. తుఫైలీ తప్పించుకున్నారు. కేసులు వెంటాడుతున్నా బెకాలోనే ఉంటూ, ఇంటర్వ్యూల్లో ఇరాన్‌ను దుయ్యబట్టారు. ఇజ్రాయెల్‌తో కుదిరిన 1996 ఏప్రిల్ అవగాహనతో హెజ్‌బొల్లా ఇజ్రాయెల్ సరిహద్దుకు కాపలాదారుగా మారిందన్నారు. సిరియా యుద్ధానికి లెబనాన్ యువకులను పంపడాన్ని బాహాటంగా ఖండించారు.

ముగింపు

తుఫైలీని ఛాందసుడని కొట్టిపారేయడం తేలిక; పేదల వీరుడని కీర్తించడమూ అంతే తేలిక. ఎన్నికలను కాదన్నదీ, బెకా రైతు కోసం వీధికెక్కిందీ ఒకే మనిషి. రెండుసార్లూ ఆయన అడిగింది తన ధర్మనిర్ణయం తనదిగా ఉండాలనే. కానీ ధర్మనిర్ణయాన్ని ఒక పీఠానికి అప్పగించే సిద్ధాంతాన్ని లెబనాన్‌లో నాటినవారిలో ఆయనా ఒకరు. సంస్థకు తిరుగులేని అధికారం కట్టబెట్టిన గురువు, దానితో విభేదించే తన హక్కును కూడా దానికే ధారపోస్తాడు. మతనాయకత్వం ఆయుధంతో కలిసిన ప్రతిచోటా పరిశోధకులు అడగవలసింది గురువు ఏం నమ్మాడని మాత్రమే కాదు. ఆయన కాదన్నప్పుడు ఆయన విద్యార్థులకు అన్నం ఎవరు పెట్టారు, ఆయన తలుపుకు కాపలా ఎవరు ఉన్నారు అని కూడా. తుఫైలీ విషయంలో ఆ జవాబులు బ్రిటాల్ దాటి వెళ్లలేదు. అందుకే ఆయన ప్రాణంతో మిగిలారు, అందుకే ఓడిపోయారు.