తాళం వేసిన సైన్సు పెట్టె

ప్రత్యేక సంచికకు మన జిల్లా చదువుల గురించి ఏదైనా వ్రాయమని సంఘ మిత్రులు కోరారు. నేను ఉపాధ్యాయుణ్ణి కాను, ముప్పై ఏళ్ళకు పైగా గుమాస్తా పని చేసినవాణ్ణి. అయితే చిన్నపిల్లల సైన్సు పాఠాన్ని రెండు వైపుల నుండి చూశాను. మొదట చాప మీద కూర్చుని, తరువాత ఆఫీసు బల్ల వెనుక కూర్చుని.

1958లో నేను మూడవ తరగతి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండేళ్ళయింది. మా నాన్నగారు ఉర్దూ మీడియంలో చదివారు, మాకు తెలుగు వచ్చింది. వరంగల్లులో మా బడికి ఒక గది, ఒక వరండా, అంతే. సైన్సు అనే మాట వాడేవారు కాదు, 'ప్రకృతి పాఠం' అనేవారు. దానికి సామానంటూ ఏమీ లేదు. ఉన్నది మా సారు ఒక్కరే.

వానాకాలంలో ఒక శనివారం మమ్మల్ని జోడీలుగా చేతులు పట్టించి భద్రకాళి చెరువు కట్టకు తీసుకుపోయారు. పచ్చడి సీసాలో నాలుగైదు తోకకప్పలను పట్టి తెచ్చి కిటికీలో పెట్టించారు. "వీటికి ముందుకాళ్ళు ముందొస్తయా, వెనుకకాళ్ళా?" అని అడిగారు. నేను ముందుకాళ్ళన్నాను. మా ఇంట్లో ఆవు ఈనినప్పుడు దూడ ముందుకాళ్ళే మొదట కనబడ్డాయి కదా! సారు ఔననలేదు, కాదనలేదు. "నన్నడగొద్దు, సీసానడుగుండ్రి" అన్నారు. రోజుకొకరం వంతుగా నీళ్ళు మార్చాం. ఎండ తగిలి రెండు చచ్చిపోతే అది కూడా పలక మీద వ్రాయించారు. కొన్ని వారాలకు మొలిచినవి వెనుకకాళ్ళే. ఓడిపోయినందుకు ఏడ్చాను గాని, ఈ డెబ్బయి అయిదేళ్ళ వయసులో కూడా ఆ పాఠం మరచిపోలేదు.

చలికాలంలో కోటకు పోయాం. రొట్టెలు మూట గట్టుకుని నడిచే పోయాం. బయట మట్టికోట, లోపల రాతికోట, చుట్టూ కందకం. ఎండలో కాలిన రాయి మీద చేయి పెట్టించి, వెంటనే ఖుష్ మహల్ లోపలి గోడ మీద పెట్టించారు. గోడ మందానికీ చల్లదనానికీ ఉన్న సంబంధం చేతికే తెలిసింది. రామప్ప గుడి శిఖరపు ఇటుకలు నీళ్ళ మీద తేలుతాయని కూడా చెప్పారు. అక్కడికి తీసుకుపోయే స్తోమత బడికి లేదు. నేను రామప్ప చూసింది ఉద్యోగం వచ్చాకనే.

మా సారు చేసింది కొత్త సంగతేమీ కాదని తరువాత చదువుకున్నాను. 1937లో గాంధీగారు వార్ధాలో పని ద్వారా చదువు అన్నారు. దానికి ప్రణాళిక తయారుచేసిన సంఘానికి అధ్యక్షులు మన హైదరాబాదులో పుట్టిన డాక్టర్ జాకీర్ హుస్సేన్ గారు. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 మాధ్యమిక పాఠశాలల్లో పిల్లల చేతనే ప్రయోగాలు చేయించడం మొదలుపెట్టారు.

ఇక నా సంగతి. 1987లో కేంద్ర ప్రభుత్వం 'ఆపరేషన్ బ్లాక్ బోర్డు' పథకం ప్రారంభించింది. ప్రతి ప్రాథమిక పాఠశాలకూ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, బోధన సామగ్రి ఉండాలన్నారు. ఆ సామగ్రిలో సైన్సు కిట్టు కూడా ఒకటి. మా ఆఫీసుకు పెట్టెలు వచ్చాయి. అయస్కాంతం, భూతద్దం, థర్మామీటరు లెక్క చూసి, రసీదు తీసుకుని పంపిణీ చేసింది నేనే. మా సారు ఇవి చూస్తే ఎంత సంతోషించేవారో అనుకున్నాను కూడా.

కొన్ని నెలలకు ఒక హెడ్మాస్టరు గారి నుండి ఉత్తరం వచ్చింది. పిల్లలు వేడినీళ్ళు కొలుస్తుండగా థర్మామీటరు పగిలిందనీ, స్టాకు రిజిస్టరులో కొట్టివేయడానికి అనుమతి ఇవ్వమనీ. నేను ఫైలు పెట్టాను. "నిర్లక్ష్యం వల్ల కలిగిన నష్టం గనుక సంబంధితుని వేతనం నుండి వసూలు చేయవచ్చును" అని నోటు వ్రాశాను. పైవారు సంతకం చేశారు. ఆ సొమ్ము ఫైలుకు పట్టిన కాగితం ఖరీదు కూడా చేయదు. నోటు నిబంధన ప్రకారమే ఉంది, ఆడిట్ వారు కూడా ఏమీ అనలేదు. ఆ తరువాత ఏ బడి నుండీ వస్తువు పగిలిందని ఉత్తరం రాలేదు. జాగ్రత్త పెరిగిందని సంతోషించాను. పెట్టెలు తెరవడమే మానేశారని నాకు తట్టలేదు.

1984లో బ్రిటన్ సహాయంతో చిన్నగా మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం 1989లో రాష్ట్రమంతటికీ వచ్చి 1996 వరకు నడిచింది. చేసి నేర్చుకోవడం, జట్టుగా పని చేయడం, చుట్టుపక్కల పరిసరాలను వాడుకోవడం, పిల్లలు చేసినవి గోడల మీద ప్రదర్శించడం దాని సూత్రాలు. టీచర్లు ఉపాధ్యాయ కేంద్రాల్లో కూడి ఆకులు, సోడా మూతలు, చింతగింజలతో పాఠాలు తయారు చేసుకునేవారు. వాటికి స్టాకు రిజిస్టరుతో పని లేదు. 1996లో డి.పి.ఇ.పి. వచ్చింది. రాష్ట్రంలో మొదట తీసుకున్న అయిదు జిల్లాల్లో వరంగల్లు ఒకటి. సామగ్రి తయారీకి టీచరుకు ఏడాదికి 500 రూపాయలు ఇచ్చారు. వెంటనే మా బోటి వాళ్ళం ఓచర్లు అడిగాం. చింతగింజలకు ఓచరు ఎక్కడి నుండి తెస్తారు పాపం!

నేను రిటైరయిన తరువాత, లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వెళ్ళిన వరుసలో ఆ హెడ్మాస్టరు గారు నా ముందే నిలబడి ఉన్నారు. వారికి నేను గుర్తు లేను. నేనే చెప్పి, ఆ నోటు వ్రాసింది నేనని ఒప్పుకున్నాను. కాసేపు నా ముఖంలోకి చూసి నవ్వారు. ఆ తరువాత పెట్టె మళ్ళీ ఎప్పుడైనా తెరిచారా అని అడిగాను.

"లేదండి. తాళంచెవి నేను రిటైరయ్యేదాకా మా ఇంట్లో దేవుని గూట్లోనే ఉన్నది. లెక్కకు మాత్రం అన్నీ సరిగ్గ అప్పజెప్పిన" అన్నారు. ఇంతలో వారి పేరు పిలిచారు.