ఏ నేల ఊరికి ఎంత ఖర్చు?

ఇళ్లు పెరిగితే ఊరి ఆదాయం పెరుగుతుందన్నది పాత నమ్మకం. దాన్ని కాగితం మీద లెక్కగట్టి చూసినవి అమెరికా ఊళ్లు. అక్కడ ప్రభుత్వ బడుల ఖర్చులో పెద్ద వాటా స్థానిక ఆస్తి పన్ను నుంచే రావాలి మరి.

1947లో న్యూయార్క్ దగ్గర బంగాళాదుంప చేలల్లో లెవిట్‌టౌన్ అనే శివారు కాలనీ మొదలైంది. నాలుగైదేళ్లలో పదిహేడు వేల పైచిలుకు ఇళ్లు లేచాయి. దేశమంతటా ఇలాంటి శివార్లే. ఇంటింటా పిల్లలు, వాళ్లకు బడులు, టీచర్ల జీతాలు. వాటితోపాటే పన్నూ పెరిగింది. పక్కనున్న రైతు పొలానికి ఇళ్ల స్థలాల ధర కట్టి పన్ను వేస్తే, పంట మీద వచ్చేది దానికే చాలని పరిస్థితి. 1956లో మేరీల్యాండ్ రాష్ట్రం మొదటిసారిగా సాగు విలువ మీదే పన్ను వేసింది. తర్వాత మిగతా రాష్ట్రాలూ ఏదో ఒక రూపంలో అదే దారి పట్టాయి.

అసలు లెక్క 1980ల్లో తేలింది. సాగుభూములను కాపాడే సంస్థ అమెరికన్ ఫార్మ్‌ల్యాండ్ ట్రస్ట్ ఒక్కో ఊరి జమాఖర్చులను ఇళ్లు, వ్యాపారాలు, పొలాలు అని విడదీసి చూపింది. దశాబ్దాలుగా జరిగిన నూట యాభైకి పైగా అధ్యయనాల్లో మధ్యస్థ విలువ ఇది: ఇళ్ల నుంచి డాలరు వస్తే వాటి సేవలకు 1.16 డాలర్లు పోతోంది. వ్యాపారాలకు పోయేది సుమారు 30 సెంట్లు, పొలాలకు సుమారు 35. పొలానికి బడి అక్కర్లేదు, చెత్తబండీ అక్కర్లేదు. అయితే దుకాణంలో పనిచేసేవాళ్లు ఎక్కడో ఒకచోట కాపురముండాలి కదా. వాళ్ల ఖర్చు పక్క ఊరి పద్దులో పడితే ఈ లెక్కకు కనబడదు.

ఇళ్లంటే ఊరికి ఖర్చే అన్న ఆలోచన అంతకుముందే అన్యాయానికీ సాధనమైంది. కొన్ని శివారు ఊళ్లు పెద్ద స్థలాల్లోనే ఇళ్లు కట్టాలనీ, అపార్ట్‌మెంట్లు వద్దనీ నిబంధనలు పెట్టి పేద కుటుంబాలను ఊళ్లోకి రానివ్వలేదు. 1975లో మౌంట్ లారెల్ అనే ఊరి కేసులో న్యూజెర్సీ సుప్రీంకోర్టు దీన్ని తప్పుబట్టింది. కాలిఫోర్నియాలో 1978లో ఓటర్లు ఆమోదించిన 13వ ప్రతిపాదన ఆస్తి పన్నును విలువలో ఒక శాతానికి కట్టేసింది. దాంతో నగరాలు అమ్మకం పన్ను తెచ్చే కార్ల షోరూముల కోసం పోటీపడి, ఇళ్లను వెనక్కి నెట్టాయి.

మన దగ్గర టీచర్ల జీతం రాష్ట్రమే ఇస్తుంది కాబట్టి ఆ అంకెలు ఇక్కడ అతకవు. కానీ పంచాయతీ సొంత పన్నుల్లో ముఖ్యమైనది ఇంటి పన్నే. లేఅవుటు ఫీజు ఒక్కసారే వస్తుంది. రోడ్లు, కాలువలు, నీళ్లు, వీధిదీపాలు ఏటేటా అడుగుతాయి. లేఅవుటుకు ఆమోదముద్ర పడేముందు దాని పదేళ్ల నిర్వహణ ఖర్చు ఎంతో గ్రామసభ ముందు పెట్టమని పంచాయతీలను అడగండి.